ఇంగ్లీషు రాని అమ్మానాన్నలతో ఇంగ్లీషు టీచర్ ఏం మాట్లాడాలి?

[స్టాఫ్ రూమ్. బల్ల మీద అడ్మిషన్ రిజిస్టరు, పక్కన ఫోను. స్పీకర్ ఆన్‌లో ఉంది.]

"హలో, ఎవరండీ?"

"నేనమ్మా, హైస్కూలు ఇంగ్లీషు మేడమ్‌ని."

[రెండు సెకన్లు అవతల మాట లేదు.]

"అయ్యో... ఏం చేశాడండీ మావాడు?"

[కెమెరా వైపు తిరిగి]

చూశారా? నేనింకా ఏమీ చెప్పనే లేదు. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే పిల్లాడు ఎవర్నో కొట్టుండాలి, లేదా బడి ఎగ్గొట్టుండాలి. ఆ భయం వాళ్లకి ఊరికే రాలేదు, మనమే అలవాటు చేశాం. నేనూ చేశాను.

ఈ వీడియో నాలాగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పేవాళ్ల కోసం. లెక్కల మాస్టారికి లేని ఇబ్బంది ఒకటి మనకుంది. లెక్కలంటే తల్లిదండ్రులకి కొంచెం ధైర్యం. కూలి డబ్బులు, చీటీ పాట, వడ్డీ, అన్నీ నోటితోనే తేల్చేస్తారు. ఇంగ్లీషు అనగానే మాత్రం చేతులెత్తేస్తారు. "మాకేం తెలుసండీ, మీరే చూసుకోండి, నాలుగు తగిలించైనా చెప్పండి" అంటారు. ఇక అక్కడితో మాటలు అయిపోతాయి. ఆ మాట దగ్గర ఫోన్ పెట్టేయకుండా ఏం చేయొచ్చు అన్నదే నేను చెప్పబోయేది.

[తెర మీద: రిజిస్టరులో ఫోన్ నంబర్ల వరస. వేలు ఒక్కో నంబరు మీదుగా కిందికి జరుగుతుంది.]

ముందు నంబర్ల సంగతి. రిజిస్టరులో ఉన్న నంబర్లు నమ్మకండి. కొన్ని ఎప్పుడో ఆగిపోయిన సిమ్‌లు, కొన్ని పక్కింటివాళ్లవి. ఇంకొన్ని పిల్లలవే! ఒకసారి తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నకి ఫోన్ చేశాను. అవతల గొంతు బొంగురుగా పెట్టి, "ఆఁ, చెప్పండి మేడం, వాడి ఫాదర్‌నే మాట్లాడుతున్నా" అన్నాడు. వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. ఆ నటనేదో వార్షికోత్సవంలో చేసుంటే ప్రైజు ఇచ్చేదాన్ని.

అప్పటి నుంచీ జూన్‌లోనే నంబరు పక్కన రెండు ముక్కలు రాసుకుంటున్నాను. ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఏ టైములో దొరుకుతారు. మా వైపు సంక్రాంతి దాటాక మిరపకోతలు. తల్లులు పొద్దున్నే ఆటో ఎక్కి పొలాలకి వెళ్లిపోతారు, వచ్చేసరికి చీకటి పడుతుంది. నాకు లీజర్ పీరియడ్ ఉందని పదకొండు గంటలకి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? ఏడూ ఏడున్నర మధ్య చేస్తే దొరుకుతారు. అన్నం పొయ్యి మీద పెట్టి మాట్లాడతారు, విజిల్ వినిపిస్తూ ఉంటుంది. కొందరు పిల్లలకి అమ్మానాన్నలు హైదరాబాదులోనో బెంగళూరులోనో పనుల్లో ఉంటారు, ఇంట్లో ఉండేది అమ్మమ్మ. అలాంటప్పుడు నేను మాట్లాడాల్సింది ఆవిడతోనే.

వాట్సాప్ గ్రూపు పెడదాం అంటారు కొత్తగా వచ్చిన టీచర్లు. పెట్టండి, తప్పు లేదు. కానీ సాయంత్రం ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలుసు కదా. "రేపు స్లిప్ టెస్ట్" అని మనం టైప్ చేస్తే చదివేది ఆ టెస్ట్ రాయాల్సినవాడే. అందుకే నేను తెలుగులో వాయిస్ మెసేజ్ పెడతాను. అర నిమిషం, అంతే. దాంట్లో ఏ పిల్లల పేరూ ఎత్తను. పేరు ఎందుకు ఎత్తనో చెప్పాలంటే నా తప్పొకటి చెప్పుకోవాలి.

[కెమెరా దగ్గరగా]

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో. పేరెంట్స్ మీటింగ్. తల్లిదండ్రులంతా పిల్లల బెంచీల్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. నేను ఎఫ్‌ఏ, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల మార్కులు పేరుపేరునా పైకి చదివాను. పారదర్శకంగా ఉన్నాననుకున్నాను కూడా! నాలుగో పేరో ఐదో పేరో, ఇంగ్లీషులో చాలా తక్కువ మార్కులు. వెనక బెంచీలో ఒకాయన లేచాడు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా బయటికెళ్లిపోయాడు. ఆ అబ్బాయి నాలుగు రోజులు బడికి రాలేదు. వచ్చాక వీపు మీద వాతలు చూపించలేదు గానీ, బెంచీకి ఆనుకుని కూర్చోలేకపోవడం నేను చూశాను. ఆ తండ్రి ఆ ఏడాది మళ్లీ ఏ మీటింగ్‌కీ రాలేదు. కూలి మానుకుని వచ్చిన మనిషిని నలుగురిలో తలదించుకునేలా చేశాను. ఇప్పుడు మార్కులు ఎవరివి వాళ్లకే, పక్కకి పిలిచి చెబుతాను.

[తెర మీద: విద్యాహక్కు చట్టం, 2009]

మీటింగ్ పెట్టడం మన దయ కాదన్న సంగతీ చెప్పేస్తాను. విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ టీచర్ విధుల గురించి. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ఎంతవరకు వచ్చారు అన్నవి తల్లిదండ్రులకి క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టి చెప్పాలని అందులోనే ఉంది. 21వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో కనీసం మూడొంతులు, అంటే 75 శాతం, తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. ముగ్గులు, ఆటలు, భోజనాలు. బాగుంటాయి. గేటు దాటడానికి మొహమాటపడే తల్లులు ఆ రోజు లోపలికొచ్చి కూర్చుంటారు. కానీ అలాంటి తిరనాళ్లలో ఒక్కో తల్లితో పది నిమిషాలు కూర్చుని చదువు సంగతి మాట్లాడగలమా? ఆ పని మిగతా రోజుల్లో ఫోన్లోనే జరగాలి.

సరే, ఫోన్ ఎత్తారు. ఏం మాట్లాడాలి?

[తెర మీద: రెండు వాక్యాలు.
"మీవాడు ఇంగ్లీషులో వీక్ అమ్మా, కొంచెం శ్రద్ధ పెట్టండి."
"ఇవాళ రాత్రి అన్నాలయ్యాక మూడో పాఠం మొదటి పేజీ మీ ఎదురుగా గట్టిగా చదవమనండమ్మా."]

మొదటి వాక్యం విన్న తల్లి ఏం చేయాలి? శ్రద్ధ ఎక్కడ దొరుకుతుంది, కిలో ఎంత? ఆవిడ చేయగలిగింది ఒక్కటే, పిల్లాణ్ని తిట్టడం. రెండో వాక్యంలో పనుంది, ఆ పనికి టైముంది.

"నాకు చదువు రాదు కదండీ, తప్పు చదివినా నాకెలా తెలుస్తుంది?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. నేనేం చెబుతానంటే: "తప్పొప్పులు నేను చూసుకుంటానమ్మా. మీరు చెవి పెట్టండి చాలు. బండి రోడ్డు మీద పోతున్నట్టు సాఫీగా పోతోందా, గతుకుల్లో పడుతున్నట్టు ఆగి ఆగి పోతోందా? ఎక్కడ ఆగాడో ఆ మాట కింద పెన్సిల్‌తో గీత పెట్టమనండి. అయ్యాక పుస్తకం మూయించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి."

తడబాటు వినడానికి ఇంగ్లీషు రావక్కర్లేదు. ఇక తెలుగులో చెప్పగలిగాడంటే అర్థమైందన్నమాటే. మన పిల్లలకి సైన్సు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషులో ఉంటే ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషు రీడర్‌కి ఆ ఎదురు పేజీ లేదు. వాళ్లమ్మకి చెప్పే కథే ఆ పేజీ అనుకోండి. తండాల నుంచి వచ్చే పిల్లలైతే లంబాడీలో చెప్పమనండి, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఉర్దూలో. "ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి" అని మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. రాని భాషలో బిడ్డతో మాట్లాడమంటే, మాట్లాడ్డమే మానేస్తారు.

మర్నాడు పెన్సిల్ గీతలున్న పుస్తకాలు నా బల్ల మీదికి వస్తాయి. ఏ మాటల దగ్గర క్లాసంతా ఆగుతోందో చూస్తే సగం లెసన్ ప్లాన్ తయారైనట్టే. ఒకసారి పదకొండు పుస్తకాల్లో 'త్రూ' కింద గీత! ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో, ఒక్కరూ రాదనలేదు క్లాసులో.

[తెర మీద: ఫోన్లో ఒక్క వాక్యం సందేశం]

ఇదంతా నా సొంత తెలివి కాదు. అమెరికాలో మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. హైస్కూల్లో తప్పిన సబ్జెక్టులు మళ్లీ చదువుతున్న పిల్లలు. టీచర్లు వారానికి ఒకసారి, ఒకే ఒక్క వాక్యం, ఆ పిల్లల ఇళ్లకి పంపారు. సందేశాలు అందని పిల్లల్లో దాదాపు 16 శాతం మంది మళ్లీ తప్పితే, అందినవాళ్లలో అది 9 శాతం చిల్లర. ఇంకో ముచ్చట, నాకు అదే ఎక్కువ నచ్చింది. "బాగా చేస్తున్నాడు" అన్న సందేశాల కంటే "ఇది ఇంకా ఇలా చేయాలి" అన్నవే ఎక్కువ పనిచేశాయి. ఆ దేశం వేరు, ఆ ఇళ్లు వేరు, ఒప్పుకుంటాను. కానీ తల్లికి చేయడానికో పని చెప్పాలన్నది ఏ ఊళ్లోనైనా ఒకటే.

అలాగని పొగడొద్దని కాదు. మొదటి ఫోన్ మాత్రం మంచి మాటతోనే చేయండి. నేను జూన్, జులైల్లో రోజుకి ఇద్దరికి చేస్తాను. "మీ అమ్మాయి ఇవాళ లేచి నిలబడి పద్యం మొత్తం చదివిందమ్మా" అంటే, అటువైపు నుంచి, "మా అమ్మాయేనా అండీ? ఇంకో అమ్మాయి ఉందండీ అదే పేరుతో!" ఆ అనుమానం తీర్చడానికే రెండు నిమిషాలు పట్టింది. అలాంటి ఫోన్ ఒకటి ముందు వెళ్తే, నవంబరులో "రావడం లేదేంటమ్మా" అని అడిగినప్పుడు అబద్ధం చెప్పరు.

[తెర మీద: ఎరువు బస్తా, మందు సీసా, బ్యాంకు మెసేజ్]

నాన్నలతో నా పద్ధతి వేరు. వాళ్లు ఫోన్లో "ఆఁ, ఆఁ" తప్ప మాట్లాడరు. అందుకని పని పిల్లలకిస్తాను. ఇంట్లో ఇంగ్లీషులో ఉన్న ఏదైనా ఒకటి, పురుగుమందు డబ్బా మీది జాగ్రత్తలు, గ్యాస్ బుకింగ్ మెసేజ్, కరెంటు బిల్లు, చదివి నాన్నకి తెలుగులో చెప్పి సంతకం పెట్టించుకురండి అంటాను. వేలిముద్రైనా సరే. మందు డబ్బా మీద 'పాయిజన్' పక్కన ఇంకా ఏం రాశారో కూతురు చదివి చెబితే ఆ తండ్రి వింటాడు. బ్యాంకు మెసేజ్‌లు మాత్రం నోట్సులో ఎక్కించొద్దని గట్టిగా చెప్పండి. ఒక బుద్ధిమంతుడు ఓటీపీతో సహా దించుకొచ్చాడు.

అందరూ మారిపోయారా అంటే, లేదు. ఇప్పటికీ ఫోన్ ఎత్తనివాళ్లున్నారు. రాత్రి తాగి ఉండే తండ్రి ఉన్న ఇంటికి నేను ఫోన్ చేయను. ఆ పిల్లని మధ్యాహ్నం భోజనాలయ్యాక బళ్లో పనిచేసే ఆయమ్మ దగ్గర కూర్చోబెట్టి చదివిస్తున్నాను. ఆయమ్మ వింటుంది.

[మళ్లీ స్టాఫ్ రూమ్. ఫోను మోగుతుంది. స్పీకర్ ఆన్.]

మొదట వినిపించిన ఆ తల్లి గుర్తుందా? ఈసారి ఆవిడే చేసింది.

"మేడం, మూడు రోజుల నుంచి మావాడు అదే పేజీ చదువుతున్నాడండీ. కొత్తది అని అబద్ధం చెబుతున్నాడు. నాకు తెలీదనుకుంటున్నాడు. వినీ వినీ నాకే నోటికొచ్చేసింది. వాడికి కొత్త పాఠం చెప్పండి."