నియమగిరి గ్రామసభలు: ఓటు ఎవరిది, ఎప్పుడు?

సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఒక కొండను తవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆ కొండ మీద బతికేవారి చేతికి ఇవ్వవచ్చా అన్న వాదన ఎప్పుడు వచ్చినా నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఒడిశాలోని నియమగిరి. రాయగడ, కలహండి జిల్లాల మీదుగా సాగే ఆ కొండల వరుస మన పార్వతీపురానికి దూరమేమీ కాదు. అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోంధులకు అది తమ దేవుడు నియమరాజు కొలువున్న చోటు; ఒడిశా మైనింగ్ కార్పొరేషన్‌కు, దానితో చేతులు కలిపిన వేదాంత సంస్థకు మాత్రం ఏడు కోట్ల టన్నులకు పైబడిన బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) నిల్వ. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతిని నిరాకరించడంతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టాన్ని ఆధారం చేసుకొని, విషయాన్ని గ్రామసభల ముందు పెట్టాలని 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాది జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన 12 గ్రామసభలూ, జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పర్యవేక్షణలో, తవ్వకం వద్దని తీర్మానించాయి. 2014 జనవరిలో కేంద్రం ప్రాజెక్టును తిరస్కరించింది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. అయితే ఆ 12 అన్న అంకె దగ్గర కాసేపు ఆగమని మిమ్మల్ని కోరుతున్నాను. కొండ మీదా, దాని పాదంలోనూ ఉన్న ఊళ్లు వందకు పైనే ఉండగా, రాష్ట్ర ప్రభుత్వం ఎంపిక చేసినవి రాయగడలో 7, కలహండిలో 5. నాడు అరకు ఎంపీ కిశోర్ చంద్రదేవ్ చేతిలో ఉన్న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఈ కుదింపును తప్పుపట్టినా రాష్ట్రం వెనక్కి తగ్గలేదు. ఓటు వేయించడానికి ఒప్పుకున్న ప్రభుత్వమే ఓటర్ల జాబితా ఎంతవరకో నిర్ణయించిందంటే, తీర్పులో సగం అక్కడే రాసుకునే వీలు దానికి దక్కినట్టే. నియమగిరిలో ఆ ఎత్తు పారకపోవడం కోంధుల ఐకమత్యం వల్లనే తప్ప పద్ధతి సవ్యంగా ఉండటం వల్ల కాదు.

రెండో లోపం ఇంకా పెద్దది. గని అనుమతి తేలకముందే కొండ పాదాన లాంజిగఢ్‌లో అల్యూమినా శుద్ధి కర్మాగారం లేచింది. వేల కోట్లు పెట్టి కట్టేశాక ఊరిని అడగడం, పెళ్లి పందిరి వేశాక పిల్లను ఇష్టమేనా అని అడగడం లాంటిది.

గుప్పెడు గూడేలు దేశానికి అవసరమైన ఖనిజాన్ని ఆపవచ్చా, ఎన్నికైన శాసనసభ ఉండగా మళ్లీ ఈ ఓటు దేనికి అని అడిగేవారున్నారు. వారి ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. అల్యూమినియం మనందరి వంటిళ్లలోనూ ఉంది. కానీ ఎమ్మెల్యే నచ్చకపోతే ఐదేళ్లకు మార్చుకోవచ్చు, తవ్విన కొండను ఏ ఎన్నికా తిరిగి తేలేదు. పైగా సుప్రీంకోర్టు ఊళ్లకు అప్పగించింది దేశ ఖనిజ విధానాన్ని కాదు. తమ సాముదాయిక హక్కులకు, కొండ మీది తమ ఆరాధనకు సంబంధించిన విషయాలను మాత్రమే. వాటి గురించి వారికన్నా బాగా చెప్పగలవారు ఎవరు?

మన వైపు చూద్దాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతంలో, ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అదీ బొర్రా ప్రాంతపు తవ్వకాల మీద నడిచిన కేసులోనే. అయినా 2015 నవంబరులో విశాఖ మన్యంలోని జెర్రెల బాక్సైట్ కోసం అటవీ భూమిని మళ్లిస్తూ జీఓ 97 వచ్చింది, మన్యం భగ్గుమంది, 2019లో మరో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రద్దు అయినందుకు నేనూ సంతోషించాను. కానీ ఒక ప్రభుత్వం కలం పోటుతో తీసేసినదాన్ని ఇంకో ప్రభుత్వం కలం పోటుతోనే తేగలదు. నియమగిరిలో అలా కుదరలేదు: గ్రామసభలను మళ్లీ జరిపించాలని ఒడిశా 2016లో కోర్టుకు వెళితే కోర్టు అంగీకరించలేదు.

మైదాన ప్రాంతానికి వస్తే, 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం సమ్మతి కోరుతుంది. ఆ లెక్క ప్రధానంగా భూమి కోల్పోయే కుటుంబాలది. ఆ పొలాన్నే నమ్ముకున్న కౌలురైతుకు, కూలికి అందులో చోటు లేదు. గ్రామసభలోనైతే సెంటు భూమి లేని మనిషికీ భూస్వామికీ చెరొక చెయ్యే.

కాబట్టి మన రెండు రాష్ట్రాల నుంచి నేను కోరేవి మూడు. ప్రభావితమయ్యే ఊళ్ల జాబితాను ప్రాజెక్టు కోరే శాఖ కాక న్యాయాధికారి ఖరారు చేయాలి. పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులోనూ, కువి, కోయ వంటి స్థానిక భాషల్లోనూ సభకు ముందే ఊరికి అందాలి. ఇక సభ జరిగి తీర్మానం నమోదయ్యే దాకా ఆ స్థలంలో ఒక్క పునాది రాయి కూడా పడకూడదు.