లెక్కలోకి రాని 444 మంది

అధ్యక్షులవారికి, చెన్నపట్నం తెలుగువారందరికీ నమస్కారం. పలకరింపులు ఇంతటితో ఆపుతాను. సమయం తక్కువ, చెప్పాల్సింది చాలా ఉంది.

1914లో ఆంధ్రపత్రిక దినపత్రికైంది ఈ ఊళ్లోనే. 'క్రాస్ రోడ్స్' పత్రికను 'ప్రజా భద్రత' పేరుతో అడ్డుకున్నది మద్రాసు ప్రభుత్వమే. ఆ పత్రిక సంపాదకుడు రొమేష్ థాపర్ వేసిన కేసులో 1950లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ప్రజా భద్రత అంటే ప్రజారోగ్యం కూడా కావచ్చు, అంత విశాలమైన మాటతో పత్రిక నోరు కట్టకూడదంది. 1951 సవరణలో 'శాంతిభద్రతలు' చేరాయి గానీ, ప్రజారోగ్యం నేటికీ రాజ్యాంగంలోని 19(2) జాబితాలో, అంటే మాట్లాడే స్వేచ్ఛకు హద్దులు పెట్టగల కారణాల్లో, లేదు. రాకపోకలను ఆపడానికి 19(5) ఉంది, లాక్‌డౌన్ వేరు. వార్తను ఆపడం వేరు.

ఇక 2020 కొవిడ్ రోజులకు వస్తాను. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే డాక్టరు ఫారం 4, అంటే మరణకారణం తెలిపే పత్రం, రాస్తారు. మొదటి భాగంలో పై గీత మీద తక్షణ కారణం, అన్నిటికన్నా కింది గీత మీద మూలకారణం. రెండో భాగంలో షుగరు, బీపీ లాంటి తోడు జబ్బులు. పై గీతలో 'గుండె ఆగింది' అని రాసి కింది గీత ఖాళీగా వదిలితే వైరస్ మాయమైపోతుంది. రెండో భాగంలో ఉండాల్సిన షుగరు కింది గీతకు వస్తే అది షుగరు చావుగా లెక్కకెక్కుతుంది. ఈ సభలో డాక్టర్లున్నారు. దయచేసి ఆ కింది గీత ఖాళీగా వదలకండి. తర్వాత ప్రభుత్వమిచ్చిన 50,000 రూపాయల పరిహారానికి కూడా చావుకు కారణం కొవిడేనని చూపించే కాగితమే అడిగారు.

మరణం కార్పొరేషన్ రిజిస్టరుకు ఒక దారిలో వెళ్తుంది. కొవిడ్ లెక్కల రోజువారీ బులెటిన్‌కు వేరే దారిలో, ఆరోగ్యశాఖకు వెళ్తుంది. చెన్నైలో ఈ రెండూ కలవలేదు. 2020 జూన్‌లో విలేఖరులు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు. ప్రభుత్వం కమిటీ వేసింది. మార్చి 1 నుంచి జూన్ 10 దాకా వదిలేసిన 444 మరణాలు జులై 22న ఒక్కరోజే లెక్కలో చేరాయి. 444 మంది! బులెటిన్‌లో ఉన్నదే వార్త అనుకుని ఉంటే ఈ సంఖ్య బయటికొచ్చేదా, మీరే చెప్పండి.

2020 మార్చి 31న సుప్రీంకోర్టు స్వేచ్ఛగా చర్చించుకోవడంలో జోక్యం చేసుకోనంది. ప్రభుత్వ కథనాన్ని ప్రస్తావించి ప్రచురించాలనీ అంది. అధికారులకు రెండో మాటే గుర్తుంది. ఏప్రిల్‌లో కోయంబత్తూరులో ఒక న్యూస్ పోర్టల్ వ్యవస్థాపకుణ్ణి అరెస్టు చేశారు. రాసిందేమిటి? ప్రభుత్వ డాక్టర్ల తిండి ఇబ్బంది, రేషన్‌లో అవకతవకలు. పెట్టిందేమిటి? ప్లేగు కాలంలో పుట్టిన 1897 చట్టం, ఐపీసీ 188 (అధికారి ఉత్తర్వు మీరడం), 505 (వదంతులు వ్యాపింపజేయడం).

యువ విలేఖరులారా, ఇది రాసుకోండి. 188 ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 223. సంబంధిత అధికారి లిఖితపూర్వక ఫిర్యాదు లేనిదే కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోకూడదు. ఈ నియమం అప్పట్లో నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 195, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 215. ఏడేళ్ల దాకా శిక్ష ఉండే నేరాల్లో అరెస్టు అవసరం లేకపోతే ముందు నోటీసివ్వాలి. నోటీసొస్తే మాత్రం చెప్పిన రోజు వెళ్లండి, ఎగ్గొడితే ఆ రక్షణ పోతుంది. విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 54 కింద నేరమయ్యేది భయం పుట్టించే 'అబద్ధపు' హెచ్చరిక. అందుకే ప్రతి బులెటిన్‌ను ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి. తర్వాత అంకె మార్చితే మీ దగ్గర రుజువుంటుంది.

సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. 'ఎందుకు తక్కువ చూపారు' అని అడిగితే ఏ కాగితమూ రాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా రిజిస్టరు పేజీల నకళ్లు అడగండి. వ్యక్తిగత వివరాలంటూ ఇవ్వకపోతే, సెక్షన్ 10 ప్రకారం పేర్లు, చిరునామాలు కొట్టేసి మిగతాది ఇవ్వమని 30 రోజుల్లోపు అప్పీలు వేయండి. మనకు కావాల్సింది తేదీ, కారణం, చోటు. పేరు కాదు.