ఇల్లు చల్లబడకుండానే గ్యాస్ బిల్లు తగ్గించుకోవడం

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతున్నాం. మీలో చాలామంది ఇళ్లలో హీటింగ్ ఈపాటికే మొదలై ఉంటుంది. గ్యాస్ ఖర్చు తగ్గించుకోవాలని బ్రిటన్‌లో మన తెలుగువాళ్లు పడే అవస్థ నాకు బాగా తెలుసు. ఒకే గదిలో అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు "మాకేం చలి లేదులే అమ్మా" అంటూ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుంటారు. ఇదంతా చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ అవస్థలో చాలా భాగం అక్కర్లేనిది. మనుషులు వణకడం కంటే ముందు, నీళ్లు వేడిచేసి గదుల్లోని రేడియేటర్లకు పంపే బాయిలర్‌ని సరిగ్గా పనిచేయించాలి. ఈరోజు నేను చెప్పేదంతా దాని గురించే.

ముందు మనం ఎంత కాలుస్తున్నామో చూద్దాం. ఇక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ లెక్క ప్రకారం ఇక్కడ ఒక మామూలు ఇల్లు ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాస్ వాడుతుంది. నేను యూనిట్ అంటున్నది కరెంటుకైనా గ్యాస్‌కైనా ఒక కిలోవాట్ అవర్. మన ఊళ్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌లో ఉండే వేడిని ఇదే లెక్కలోకి మారిస్తే సుమారు 180 యూనిట్లు వస్తుంది. అంటే ఇక్కడ ఒక్కో ఇల్లు ఏడాదికి అరవైకి పైగా సిలిండర్లు కాలుస్తోంది. అక్కడ అమ్మ నెల, నెలన్నర సర్దుకునే సిలిండర్ ఇక్కడ జనవరిలో మూడు రోజులకే అయిపోతుంది. అందులో వంటకు పోయేది చాలా తక్కువ. కాబట్టి కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకోనక్కర్లేదు. గ్యాస్ పోయేది హీటింగ్‌కి, ఆ తర్వాత వేడినీళ్లకి.

ధర సంగతి ఒక్క మాట. ఆఫ్‌జెమ్ పెట్టే ప్రైస్ క్యాప్ అంటే బిల్లు అంతకు మించి రాదని చాలామంది అనుకుంటారు. అది యూనిట్ ధరకీ, వాడినా వాడకపోయినా రోజూ పడే స్టాండింగ్ చార్జికీ మాత్రమే పరిమితి. మీరు ఎంత వాడితే అంత కట్టాల్సిందే. 2022 అక్టోబరుకి క్యాప్‌ని మామూలు ఇంటి లెక్కన ఏడాదికి 3,549 పౌండ్లుగా ప్రకటించినప్పుడు, ప్రభుత్వం జోక్యం చేసుకుని 2,500 దగ్గర ఆపింది. అప్పుడు కూడా రెట్టింపు వాడినవాళ్లకు బిల్లు దాదాపు రెట్టింపే వచ్చింది. ఈమధ్య గ్యాస్ యూనిట్ 6 పెన్స్ అటూఇటూగా, కరెంటు యూనిట్ పాతిక పెన్స్ అటూఇటూగా ఉంటున్నాయి. ఈ రెండింటి తేడా గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. గోడకున్న థర్మోస్టాట్ మీద మీరు పెట్టేది గది ఎంత వెచ్చగా ఉండాలన్నది. బాయిలర్ మీద రేడియేటర్ బొమ్మ పక్కన ఇంకో నాబ్ గానీ బటన్ గానీ ఉంటుంది. రేడియేటర్లకు వెళ్లే నీళ్లు ఎంత వేడిగా ఉండాలో చెప్పేది అది. దాన్ని ఫ్లో టెంపరేచర్ అంటారు. చాలా ఇళ్లలో బాయిలర్ బిగించిన రోజు 70 మీదో 80 మీదో పెట్టి వెళ్లిపోతారు. తర్వాత ఇళ్లు మారుతాయి, అద్దెవాళ్లు మారుతారు, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు.

గ్యాస్ కాలితే మంటతో పాటు నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరిలో కొంత వేడి దాగి ఉంటుంది. దాన్ని బయటికి వదిలేయకుండా చల్లబరిచి, నీళ్లుగా మార్చి, ఆ వేడిని కూడా వాడుకునే బాయిలర్లే కండెన్సింగ్ బాయిలర్లు. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా బిగించేవి దాదాపుగా అన్నీ ఇవే. కాకపోతే ఒక షరతుంది. రేడియేటర్లన్నీ తిరిగి బాయిలర్‌కి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆవిరి నీళ్లవుతుంది. మీరు 80 డిగ్రీల నీళ్లు పంపితే అవి 60, 65 దగ్గర తిరిగొస్తాయి. అప్పుడు డబ్బు పోసి కొన్న కండెన్సింగ్ బాయిలర్ కాస్తా పాతకాలపు బాయిలర్‌లా పనిచేస్తుంది. ఆ వేడంతా గొట్టంలోంచి వీధిలోకి పోతుంది.

అందుకని కాంబి బాయిలర్, అంటే వేరే ట్యాంకు లేకుండా కుళాయి తిప్పినప్పుడే నీళ్లు వేడిచేసే బాయిలర్ ఉన్నవాళ్లు ఈ రాత్రే ఫ్లో టెంపరేచర్ 60కి దించండి. ఒక వారం చూడండి. ఇల్లు బాగానే వెచ్చబడుతుంటే 55కి వెళ్లండి. రేడియేటర్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనదు, అంతమాత్రాన అది పనిచేయట్లేదని కంగారు పడకండి. గది నెమ్మదిగా వెచ్చబడుతుంది కాబట్టి హీటింగ్ అరగంట ముందే మొదలయ్యేలా టైమర్ మార్చండి. బయట మంచు పడే నాలుగు రోజులూ కాస్త పెంచుకోండి, తప్పేం లేదు. బాయిలర్ పరిశ్రమ వాళ్లు చెప్పే లెక్క ప్రకారమే 6 నుంచి 8 శాతం గ్యాస్ మిగులుతుంది. మామూలు ఇంటికి ఏడాదికి 40, 50 పౌండ్లు. ఇంట్లో ఎవరికీ చలి పెట్టదు, పెట్టుబడి ఏమీ లేదు.

వేడినీళ్ల ట్యాంకు వేరేగా ఉన్న ఇళ్లవాళ్లు మాత్రం ఇలా చేయకండి. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీల దాకా వేడెక్కాలి, లేకపోతే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. మీరు 65, 70 మధ్య ఉంచండి. కాంబిలో నిల్వ నీళ్లు ఉండవు కాబట్టి, కుళాయి బొమ్మ ఉన్న నాబ్ 50 దగ్గర పెట్టుకోవచ్చు. నీళ్లను ముందే వేడిచేసి ఉంచే ప్రీహీట్ అనే సదుపాయం ఉంటే ఆపేసి ఎకోలో పెట్టండి. వేడినీళ్లు రావడానికి కొన్ని సెకన్లు ఆగాలి, అంతే.

ఇక థర్మోస్టాట్. మనవాళ్లు 24, 25 పెట్టుకుని ఇంట్లో టీషర్టుతో తిరుగుతారు. ఒక్క డిగ్రీ దించినా హీటింగ్ ఖర్చు పది శాతం దాకా తగ్గుతుంది. 20 దగ్గర చాలామందికి హాయిగానే ఉంటుంది. కానీ పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో దయచేసి 18 కంటే కిందికి పోవద్దు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లకు చల్లటి ఇల్లు నిజంగా ప్రమాదం. ఇంకోటి, 30 పెడితే గది త్వరగా వెచ్చబడదు. ఆపడం మర్చిపోతే గ్యాస్ మాత్రం వృథా అవుతుంది.

షేరింగ్ ఇళ్లలో ఉండే స్టూడెంట్లకు ఒక మాట. హీటింగ్ కట్టేసి ఎవరి గదిలో వాళ్లు ఫ్యాన్ హీటర్ పెట్టుకుంటున్నారు. 2 కిలోవాట్ల హీటర్ గంట తిరిగితే 50 పెన్స్. ఆ డబ్బుకి ఎనిమిది యూనిట్ల గ్యాస్ వస్తుంది, ఇల్లంతా కాసేపు వెచ్చగా ఉంటుంది. ముగ్గురు మూడు హీటర్లు పెడితే లెక్క మీరే వేసుకోండి. ఒక్కరే ఉండి చదువుకునేటప్పుడైతే ఎలక్ట్రిక్ దుప్పటి మంచిది. దానికి గంటకు రెండు మూడు పెన్స్ మించదు.

పొదుపు పేరుతో కిటికీ పైనుండే గాలి సందులకు టేపు వేసేవాళ్లున్నారు. వద్దు. మన ఇళ్లలో అన్నం ఉడుకుతుంది, ఇడ్లీ ఉడుకుతుంది, తడిబట్టలు రేడియేటర్ల మీద ఆరుతుంటాయి. ఆ తేమంతా చల్లటి గోడల మీద చేరి నల్లటి మౌల్డ్, అంటే బూజు అవుతుంది. 2020లో రాచ్‌డేల్‌లో రెండేళ్ల బాబు చనిపోవడానికి ఇంట్లోని మౌల్డే కారణమని కరోనర్, అంటే మరణాలపై విచారణ జరిపే అధికారి తేల్చారు. వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, తలుపు మూయండి. తలుపు కింద సందు, లెటర్‌బాక్స్, వాడని చిమ్నీ, ఇవి మూసుకోవచ్చు. సొంత ఇల్లయితే లాఫ్ట్‌లో, అంటే పైకప్పు కింది అటకలో, వేడి పోకుండా పరిచే ఇన్సులేషన్ 270 మిల్లీమీటర్లు ఉందో లేదో ఒకసారి ఎక్కి చూడండి.

అద్దెకున్నవాళ్లు మొహమాటపడకండి. ఇంగ్లండ్‌లో ఏటా గ్యాస్ సేఫ్టీ తనిఖీ చేయించి సర్టిఫికెట్ ఇవ్వడం, బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం పెట్టించడం ఓనర్ బాధ్యత. ఇవ్వకపోతే ఈమెయిల్‌లో రాసి అడగండి. నాబ్‌లు మీరు తిప్పొచ్చు గానీ బాయిలర్ మూత మాత్రం ఎవరూ విప్పకూడదు. అది గ్యాస్ పనికి అధికారికంగా నమోదైన, గ్యాస్ సేఫ్ కార్డు ఉన్న ఇంజనీర్ పని. గ్యాస్ వాసన వస్తే కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి.

బిల్లులు, బాయిలర్ ఫొటోలు తెచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి. ఏ నాబ్ దేనిదో ఒక్కొక్కరిది చూసి చెబుతాను.