అగ్నిద్యోతనుడు లేని ప్రేమకథలు: మన కావ్యాల్లో ప్రేమకున్న బలం, దాని హద్దు

నమస్కారం. హనుమకొండలో ఏ సాహిత్య సభకు వెళ్లినా, ప్రేమ ప్రస్తావన రాగానే చర్చ రెండు పక్షాలుగా చీలిపోతుంది. లోకమంతా ఏకమై అడ్డం నిలిచినా చివరికి గెలిచేది ప్రేమేనని మన కావ్యాలు చెబుతున్నాయని ఒక పక్షం వాదిస్తుంది. అదంతా కవుల కల్పన అనీ, బతుకులో నెగ్గేవి కులం, కట్నం, ఇంటిపెద్దల మాట మాత్రమే కనుక కావ్యాల్లోని ప్రేమను కావ్యాల్లోనే వదిలేయాలనీ రెండో పక్షం అంటుంది. ఈ రెండు వాదాలూ విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే రెండు పక్షాలూ పుస్తకం తెరవకుండానే తీర్పు చెబుతున్నాయి. ప్రేమ వల్ల ఏమవుతుందో, ఏమి కాదో మన పూర్వకవులు చాలా నిక్కచ్చిగా చూసి రాశారు. ఆ చూపు ఎంత నిశితమైనదో చెప్పడానికి మన బమ్మెర పోతన ఒక్కడు చాలు.

రుక్మిణీ కల్యాణం కథ మీ అందరికీ తెలుసు కనుక మళ్లీ చెప్పను. పెళ్లి కుదరని ఆడపిల్లల చేత ఆ ఘట్టాన్ని చదివించే ఇళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ నమ్మకం పట్ల నాకు గౌరవమే ఉంది. అయితే ఫలితం కోసం చదివేటప్పుడు పద్యం లోపల జరుగుతున్న పని మీద మన దృష్టి నిలవదు. నేను ఈ రోజు మీ దృష్టిని మళ్లించదలచుకున్నది రుక్మిణి వైపు కాదు, కృష్ణుడి వైపు కూడా కాదు, వాళ్లిద్దరి మధ్య నడిచిన మనిషి వైపు. ఆయన పేరు అగ్నిద్యోతనుడు. కుండిన నగరం నుంచి ద్వారకకు సందేశం మోసుకువెళ్లిన బ్రాహ్మణుడు.

ముందుగా సందేశాన్ని చూద్దాం. నీ మాటలు వినలేని చెవులు ఎందుకు, నిన్ను చూడలేని కన్నులు ఎందుకు అని సాగే పద్యం అందరి నోళ్లలోనూ ఉంది. దానికి దగ్గరలోనే ఉన్న మరొక పద్యాన్ని మాత్రం తక్కువ మంది గుర్తుపెట్టుకుంటారు. అంతఃపురంలో ఉన్న నన్ను తీసుకుపోవాలంటే కావలివాళ్లనూ బంధువులనూ చంపవలసి వస్తుందని నువ్వు సందేహిస్తే ఉపాయం చెబుతాను విను అంటుంది రుక్మిణి. పెళ్లికి ముందు కులదేవత యాత్ర చేయించి, ఊరి వెలుపల ఉన్న గౌరీదేవికి మొక్కడానికి పెళ్లికూతుర్ని మావాళ్లు పంపుతారు, ఆ సమయానికి వచ్చి తీసుకుపో అని చోటూ వేళా కూడా నిర్ణయిస్తుంది. కృష్ణుడిని ఆమె అప్పటికి చూడనేలేదు. తండ్రి ఇంటికి వచ్చిపోయేవాళ్లు పొగుడుతుంటే విన్నది, అంతే. ఆ వినికిడి నుంచి పుట్టిన ప్రేమ, శిశుపాలుడితో తన పెళ్లి నిశ్చయించిన అన్న రుక్మికి ఎదురు చెప్పలేని ఒక రాజకన్య చేత తన పెళ్లికి తానే ప్రణాళిక రాయించింది. ప్రేమ బలం ఏమిటని నన్నెవరైనా అడిగితే నేను ఈ పద్యాన్నే చూపిస్తాను. అది మనిషికి గొంతునిస్తుంది, ఆ గొంతు వెనుక ఆలోచననూ ఇస్తుంది.

ఇక దాని హద్దు చూడండి. సందేశం పంపిన తర్వాత రుక్మిణి చేయగలిగింది ఏమీ లేదు. ఆ నిస్సహాయతను పోతన ఒక్క పద్యంలో నిలిపాడు.

(తెర మీద పద్యం)
ఘనుఁడా భూసురుఁ డేఁగెనో నడుమ మార్గశ్రాంతుఁడై చిక్కెనో
విని కృష్ణుం డిది తప్పుగాఁ దలఁచెనో విచ్చేసెనో

ఇలా మొదలై, ఈశ్వరుడు అనుకూలిస్తాడో లేదో, గౌరీదేవి నన్ను కాపాడుతుందో లేదో, నా భాగ్యం ఎలా ఉన్నదో అంటూ ముగుస్తుంది. ఆ సందేహాలను వరుసగా విప్పి చూడండి. మొదటి సందేహం బ్రాహ్మణుడి కాళ్ల మీద, అలసట మీద. తర్వాతది అవతలి మనిషి మనసు మీద. ఆ తర్వాత దైవం మీద, విధి మీద. తన ప్రేమ మీద మాత్రం ఒక్క సందేహమూ లేదు. పద్యం మొత్తంలో ఆమెకు రూఢిగా తెలిసింది తన మనసు ఒక్కటే, మిగిలినదంతా ఇతరుల చేతుల్లో ఉంది. దారిలో ఆ బ్రాహ్మణుడికి నీరసం వచ్చి ఒక చెట్టు కింద ఒక పూట పడుకుంటే, అంత గొప్ప ప్రేమా శిశుపాలుడి పెళ్లిపీటల దగ్గర ఆగిపోయేది.

రుక్మిణికి ఈ సంగతి తెలుసు. అందుకే అగ్నిద్యోతనుడు తిరిగివచ్చి కృష్ణుడు వచ్చాడని చెప్పినప్పుడు ఆమె మొదట కృతజ్ఞత చెప్పింది అతనికే. నా సందేశం చెప్పి ఆయనను తోడి తెచ్చావు, ‘నన్ నిలువం బెట్టితి’, దీనికి నేను ప్రత్యుపకారం చేయలేను అంటూ చేతులు జోడించింది. ఈ పద్యాన్ని పాడేవాళ్లు తొందరగా దాటిపోవడం నాకు నచ్చదు. నా దృష్టిలో ఆ ఘట్టంలోకెల్లా లోతైన మాట అదే. ప్రేమించిన స్త్రీ, తనను నిలబెట్టిన వాడని ప్రియుడి కంటే ముందు దూతను గుర్తించింది.

అందుకే నా విద్యార్థులకు నేను ఒకటే పని చెబుతాను. ఏ ప్రేమకథ చదివినా, ఇందులో అగ్నిద్యోతనుడు ఎవరో వెతకండి. అతడు మనిషే కానక్కరలేదు, వస్తువు కావచ్చు, సాక్ష్యం కావచ్చు, ఒక అబద్ధం కూడా కావచ్చు. అతడు ఎక్కడ తప్పిపోయాడో అక్కడ ఆ కథలోని ప్రేమకు హద్దు కనిపిస్తుంది.

ఈ పని శకుంతల కథ మీద చేద్దాం. కణ్వుడి ఆశ్రమంలో గాంధర్వ వివాహం జరిగినప్పుడు అక్కడ ఎవరూ లేరు. కాళిదాసు నాటకంలో ఉంగరమే అగ్నిద్యోతనుడు; అది నీటిలో జారిపోయింది, దుర్వాసుడి శాపం వల్ల దుష్యంతుడు ఆమెను మరచిపోయాడు. చేప కడుపులో నుంచి ఉంగరం దొరికాక జ్ఞాపకం తిరిగివచ్చింది. ఎంతో అందమైన కల్పన, కానీ ఆ కల్పన వల్ల దుష్యంతుడి తప్పు దుర్వాసుడి ఖాతాలోకి పోయింది. 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన భారతకథలో ఉంగరమూ లేదు, శాపమూ లేదు. అక్కడ రాజు మరచిపోలేదు. కొడుకును వెంటబెట్టుకొని నిండుసభకు వచ్చిన శకుంతలను గుర్తుపట్టి కూడా, నువ్వెవరో నాకు తెలియదన్నాడు. ఆ పెళ్లి సంగతి తామిద్దరికి తప్ప మూడోవారికి తెలియదు కనుక లోకాపవాదానికి వెరచి అలా అన్నానని ఆకాశవాణి పలికిన తర్వాత తానే ఒప్పుకున్నాడు.

ఆ సభలో శకుంతల ఏ వాదం చేసిందో గమనించండి. నన్ను ప్రేమించావు కదా అని ఆమె ప్రాధేయపడలేదు, ఎందుకంటే ఆ మాటకు సభలో విలువ లేదని ఆమెకు తెలుసు. నూరు నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, అలాంటి నూరుగురు కొడుకుల కంటే ఒక్క సత్యవాక్యం మేలు అని సత్యాన్ని ముందు నిలబెట్టింది. దూత లేని చోట ఆమె తానే దూతగా నడిచివచ్చింది, అదీ చాలక ఆకాశం సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. కాళిదాసు మీద నాకు ఎంత గౌరవమున్నా, ప్రేమ హద్దును మనకు దాచకుండా చూపింది భారతకథే అని నా అభిప్రాయం.

ప్రేమ కవిత్వం 20వ శతాబ్దపు భావకవులతోనే మన దగ్గరికి వచ్చిందనే వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల ఉంది. ఆ వంశపు రాజు హాలుడి పేర వెలసిన ప్రాకృత సంకలనమే గాథాసప్తశతి. అందులోని ఒక గాథలో ఒక స్త్రీ, తాను ప్రియుడిని కలుసుకునే సంకేతస్థలం వైపు రోజూ వచ్చిపోయే ఒక సన్యాసితో ఇలా అంటుంది: స్వామీ, ఇక నిర్భయంగా తిరగండి, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం ఈ రోజు చంపేసింది. కుక్కకే భయపడేవాడు సింహం ఉన్న పొదల వైపు ఇక వస్తాడా? 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వనికి, అంటే పైకి చెప్పని అర్థం స్ఫురించడానికి, ఉదాహరణగా ఎంచుకున్నది ఈ గాథనే. ఇక్కడ అగ్నిద్యోతనుడి పని చేసింది ఒక అబద్ధపు సింహం. ఆమె ప్రేమకు ఊరిని ఎదిరించే శక్తి లేదు, కానీ ఒక పొద మేరకు చోటు సంపాదించుకోగల తెలివి ఉంది. ప్రేమ గెలిచింది, ఓడింది అనే లెక్కలో ఈ స్త్రీని ఎక్కడ పెడతారో ఆ రెండు పక్షాల వారూ నాకు చెప్పాలి.

ఇంతవరకు అడ్డంకి బయట ఉంది. పెద్దన మనుచరిత్రలో బయటి అడ్డంకి ఒక్కటీ లేదు. హిమాలయం మీద అప్సరస వరూధిని ఒంటరిగా ఉంది, గృహస్థుడైన బ్రాహ్మణుడు ప్రవరుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, అన్న లేడు, పెద్దలు లేరు, వేరే వరుడు లేడు. దూత అవసరం లేకుండా తన మనసును తానే చెప్పుకుంది. అవతలివాడు తన ఊరికి దారి చెప్పమని అడిగాడు, అగ్నిహోత్రాన్ని తలచుకున్నాడు, వెళ్లిపోయాడు. ప్రేమకు లోకం కంటే గట్టి హద్దు ఒకటి ఉందని, అది ఎదుటి మనిషి ఇష్టమని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన కథ తెలుగులో నాకు కనిపించలేదు. సంఘం ఒప్పుకుంటే చాలు ప్రేమ సుఖాంతమవుతుందనుకునే వాళ్లు ఈ కావ్యాన్ని తప్పక చదవాలి.

పెద్దన అక్కడ ఆగలేదు. వరూధినిని కోరి భంగపడిన గంధర్వుడు ప్రవరుడి రూపం ధరించి వచ్చాడు, ఆమె నమ్మింది. ఈ మాయాప్రవరుడి ఘట్టాన్ని సరసంగా చెప్పుకొని నవ్వుకోవడం నాకు మింగుడుపడదు. అది ఒక స్త్రీ అంగీకారాన్ని దొంగిలించడమే. ఆ కలయిక వల్ల స్వరోచి పుట్టాడు, స్వరోచి కొడుకే స్వారోచిష మనువు. ఒక మన్వంతరానికి అధిపతి అయినవాడి వంశం ఒక కాదన్న ప్రేమ నుంచి, ఒక మోసం నుంచి మొదలైంది.

సమయం దగ్గరపడుతున్నది కనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. సంక్రాంతి నుంచి ఐనవోలులోనూ, కొమురవెల్లిలోనూ జాతరలు జరుగుతాయి, ఒగ్గు పూజారులు డోలు మీద మల్లన్న కథ చెబుతారు. స్వామికి ఒక పక్క బలిజ మేడలమ్మ, మరొక పక్క గొల్ల కేతమ్మ. దేవుడి ప్రేమ కులాన్ని దాటింది, అయినా ఇన్ని తరాల తర్వాత కూడా ఆ అమ్మల పేర్ల ముందు కులం అలాగే నిలిచి ఉంది. పండిత కావ్యాలను మాత్రమే సాహిత్యం అనుకునేవాళ్లు ఈ కథ దగ్గర కాసేపు కూర్చోవాలి.

ఆధునికుల్లో రాయప్రోలు సుబ్బారావు అమలిన శృంగారం అనే భావనతో ప్రేమను దేహం నుంచి వేరుచేసి దానికి హద్దు లేకుండా చేయాలని చూశాడు. తృణకంకణంలో మరొకరి ఇల్లాలైన ప్రియురాలితో నాయకుడికి మిగిలింది గడ్డిపోచ కంకణం కట్టిన స్నేహం. అది ఉదాత్తమైనదే, కానీ ఆ ఔదార్యపు బరువు ఎక్కువగా ఎవరు మోశారో ఆలోచించాలి. మన హనుమాజీపేట సినారె కర్పూర వసంతరాయలులో రాజు నర్తకి లకుమ ప్రేమలో మునిగి రాజ్యాన్ని మరచిపోతే, ఆమె తన ప్రాణమే తీసుకుంటుంది. రాజుకు హద్దు తెలియకపోతే ఆ హద్దును నర్తకి తన ప్రాణంతో గీయవలసి వచ్చింది. ఈ రెండింటి గురించి విడిగా ఒక వీడియో చేయాలి.

చివరిగా రుక్మిణి దగ్గర నేను వదిలేసిన భాగం ఉంది. తెలుగు భాగవతం దశమ స్కంధంలో పూర్వభాగం రుక్మిణీ కల్యాణంతో ముగుస్తుంది, చాలామంది పుస్తకాన్ని అక్కడే మూసేస్తారు. వెంటపడి వచ్చిన రుక్మిని కృష్ణుడు చంపబోతే, అన్నను చంపవద్దని రుక్మిణి కాళ్ల మీద పడింది. తల, మీసం గొరిగి వదిలేశారు. రుక్మి కుండినానికి తిరిగి వెళ్లకుండా భోజకటంలో ఉండిపోయాడు. ఉత్తరభాగంలో అతని కూతురిని రుక్మిణి కొడుకు ప్రద్యుమ్నుడు చేపట్టాడు, మనకు బాగా తెలిసిన మేనరికమే అది. తర్వాత పగ తీరకపోయినా చెల్లెలి మీది ప్రేమతో తన మనవరాలిని కూడా ఆమె మనవడు అనిరుద్ధుడికి ఇచ్చాడు. ఆ పెళ్లికి భోజకటంలో అందరూ కలిసినప్పుడు జూదంలో మాట పెరిగి బలరాముడు రుక్మిని చంపాడు. కృష్ణుడు దాన్ని మంచి అనలేదు, చెడు అనలేదు. ఏదన్నా రుక్మిణితోనో తన అన్న బలరాముడితోనో స్నేహం చెడుతుందని వెరచాడంటుంది భాగవతం. బంధువుల చావు లేకుండా తనను తీసుకుపొమ్మని రుక్మిణి చెప్పిన ఉపాయం, ఆమె వేడుకోలు తోడై, తన పెళ్లినాడు అన్నను కాపాడింది. మనవడి పెళ్లినాడు కాపాడలేకపోయింది.