పండుకుంటే పని ఎవరు చేస్తరు?

(మార్చి 8న నిజామాబాద్ జిల్లాలో బీడీ కార్మిక మహిళల సభలో ఒక ప్రభుత్వ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, చాట పక్కన పెట్టి ఇంత దూరం వచ్చిన పెద్దమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అన్నలకు నమస్తే. అన్నలూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ మాటలు మీరు వినాల్సినవే ఎక్కువ.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన ఆడవాళ్ల ఓర్పును చాలా పొగిడారు. 'కార్యేషు దాసీ' అని మొదలుపెట్టి 'క్షమయా ధరిత్రీ' దాకా శ్లోకం చదివారు. ప్రతి పెళ్లిలో వింటున్నదే. దాసిలా పని చెయ్యాలి, మంత్రిలా సలహా చెప్పాలి, తల్లిలా అన్నం పెట్టాలి, భూదేవిలా ఓర్చుకోవాలి. అన్నీ ఉన్నాయి గానీ, ఆ మనిషికి నూట రెండు జ్వరం వస్తే ఆ పూట పొయ్యి ఎవరు ముట్టించాలన్నది మాత్రం అందులో లేదు.

డాక్టరమ్మ కదా, "వేళకు తినండి, విశ్రాంతి తీసుకోండి" అని నాలుగు మాటలు చెప్పి దిగిపోతుందని సంఘం వాళ్లు అనుకుని ఉంటారు. ఆ మాటలు ఓపీలో రోజూ చెబుతూనే ఉంటాను. చీటీ మీద రాసిస్తాను కూడా. గోలీలు రాస్తే మందుల కౌంటర్‌లో ఇస్తారు. రెస్టు రాస్తే ఎవరిస్తారు?

మొన్న వానాకాలంలో ఒకామె వచ్చింది. పేరు, ఊరు చెప్పను. నలభై ఉంటాయేమో. మెట్లు ఎక్కి వచ్చేసరికి ఆయాసం. కళ్లు పాలిపోయి, కాళ్లు వాచి ఉన్నాయి. రెండేళ్లుగా నెలసరి వస్తే పది రోజులు ఆగదట. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ ఆరు గ్రాముల చిల్లర ఉంది. పన్నెండు ఉండాల్సిన చోట ఆరు. "ఇన్ని రోజులు ఎందుకు రాలేదమ్మా" అన్నాను. "తిరుగుతనే ఉన్న గద మేడం, పడిపోలే గద" అంది.

అడ్మిట్ కావాలి, రక్తం ఎక్కించాలి అంటే "ఎన్ని గంటలు?" అని అడిగింది. ఒక్క సీసా ఎక్కడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది, దానితో పెరిగేది ఒక గ్రాము, నీకు ఒకటి చాలదు, రెండు మూడు రోజులు ఉండాలి అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లు మొదలుపెట్టింది. తలుపు తీసే ఉంది, నాకు వినపడుతూనే ఉంది.

మొదట పక్కింటామెకు. "అక్కా, ఆకు నానబెట్టి వచ్చిన. జర తడిబట్ట కప్పు, ఎండితే కత్తెర పెట్టంగనే పగుల్తది. నువ్వే కత్తిరించుకొని చేసుకో, నీ లెక్కలనే రాసుకో." తర్వాత ఆడబిడ్డకు: "అత్తకు షుగర్ గోలి ఏసినంకనే అన్నం పెట్టు, మర్చిపోకు." తర్వాత బడి ఆటో అతనికి, చిన్నదాన్ని ఇవాళ ఇంటి దగ్గర కాకుండా మేనత్త ఇంటి దగ్గర దింపమని. బర్రె పాలు పిండడానికి ఇంకొకరికి. పొదుపు సంఘం లీడరుకు, కిస్తీ రెండు రోజులు ఆగి కడతానని. తాను పండుకోవడానికి ఇంతమందిని బతిమాలింది, ప్రతి ఒక్కరికీ "ఏమనుకోకు" అని చెప్పి మరీ.

సాయంత్రం రౌండ్‌కు పోయినప్పుడు దుబాయ్ నుంచి భర్త వీడియో కాల్ వచ్చింది. మన దగ్గర గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు ఉండదు, మీకు చెప్పేదేముంది. రక్తం సీసా వేలాడే స్టాండు కనపడకుండా ఆమె ఫోన్‌ను మొహానికి దగ్గరగా పట్టుకుంది. "ఏం లేదు, జర తలకాయ నొస్తుంటే పండుకున్న. నువ్వు తిన్నవా?" అంది.

ఇలాంటి వాళ్లను చూసి మా డాక్టర్లం ఒక మాట అనేస్తాం: వీళ్లకు అవగాహన లేదు అని. తర్వాత గోడ మీద ఒక పోస్టర్ అంటిస్తాం. ఆమెకు తెలియనిదేమీ లేదు. ఆస్పత్రికి వస్తే ఒక రోజు పని పోతుంది, రిపోర్టు రేపు రమ్మంటే రెండో రోజూ పోతుంది. వెయ్యి బీడీలు చేస్తేనే వెయ్యికి పైసలు. నానిన ఆకు ఆగదు, కంపెనీకి సరుకు ఇచ్చే రోజు ఆగదు, బడి ఆటో ఆగదు. ఆగమంటే ఆగేది తన ఒంటి బాధ ఒక్కటే, దాన్నే ఆపుకుంది. ఇందులో తెలివితక్కువతనం ఎక్కడుంది?

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 59 మందికి దగ్గరగా ఉంది. దేశం మొత్తం మీద మగవాళ్లలో నూటికి 25 మందికి. అంటే ఈ షామియానా కింద కూర్చున్న వాళ్లలో సగం కంటే ఎక్కువ మంది రక్తం తక్కువతోనే పొద్దున లేచి, వాకిలి ఊడ్చి, వంట చేసి, ఇక్కడికి వచ్చారు. ఇంతమందికి ఉండేసరికి అది రోగంలాగే అనిపించదు. ఆడమనిషికి నీరసం ఉండదా అంటారు, అత్తా అంటుంది, అమ్మా అంటుంది.

నీరసానికి మన ఊళ్లలో ఉన్న వైద్యం గ్లూకోజు బాటిల్. ఆర్‌ఎంపీ దగ్గర సాయంత్రం ఒక బాటిల్ పెట్టించుకుంటే రేపటికి లేచి తిరగొచ్చని నమ్మకం. ఆ అర లీటరు బాటిల్‌లో ఉండేది నీళ్లు, 25 గ్రాముల చక్కెర. ఐదారు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగితే అంతే. రక్తం ఒక్క చుక్క పెరగదు. అయినా ఎందుకు పెట్టించుకుంటారో నాకు మెల్లగా తెలిసింది. ఆ గంట సేపు ఆమెను ఎవరూ పని చెప్పి లేపరు. చేతికి సూది ఉంది కాబట్టి పండుకోవచ్చు.

బాటిల్‌తో పెద్ద నష్టం లేదు, పైసలే పోతాయి. నాకు భయం నొప్పి సూదులతో. చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి పొద్దంతా కూర్చుంటే నడుము, మెడ గుంజడం ఖాయం. దానికి రోజూ నొప్పి గోలీ, వారానికో సూది. అవి కడుపులో పుండు పెడతాయి. ఆ పుండు నుంచి కొద్దికొద్దిగా నెత్తురు పోతుంది, మలం నల్లగా వస్తుంది, అసలే తక్కువున్న రక్తం ఇంకా పడిపోతుంది. రక్తం తగ్గితే ఒళ్లు నొప్పులు పెరుగుతాయి, మళ్లీ సూది. ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలకూ ముప్పే. ఐరన్ గోలీ వేసుకున్నా మలం నల్లగానే వస్తుంది, దానికి బెదిరి మానేయకండి. టీతో మాత్రం వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి.

గర్భసంచి సంగతి దీనికంటే పెద్దది. అదే సర్వేలో 15-49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు తెలంగాణలో నూటికి 8 మందికి పైగా, ఆంధ్రలో దాదాపు 9 మంది. దేశం మొత్తం చూస్తే 3 చిల్లర. రెండు తెలుగు రాష్ట్రాల ఆడవాళ్ల గర్భసంచులే ఎందుకు ఇంత చెడిపోయాయి? ఇందులో ఆస్పత్రుల డబ్బు ఆశ ఉంది, దాన్ని నేను దాచను. కానీ నా ముందు కూర్చుని "తీసెయ్యండి మేడం, నెలనెలా ఆ ఐదు రోజులు కూసోలేకపోతున్న" అని అడిగిన వాళ్లు కూడా ఉన్నారు. మందులతో తగ్గుతుంది, నాలుగైదుసార్లు వచ్చి పోవాలి అని చెబితే, నాలుగైదుసార్లు కూలి పోగొట్టుకునే కంటే ఒకేసారి వదిలించుకోవడం నయం అంటారు. ముప్పై ఐదేళ్లకే అండాశయాలతో సహా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టదు. పని ఆగకూడదని చేయించుకున్న ఆపరేషన్ పదేళ్లలో పనికే రాకుండా చేస్తుంది. తీయాల్సిన జబ్బులూ ఉన్నాయి. కాకపోతే ఇంకొక డాక్టర్‌ను అడగకుండా ఒప్పుకోకండి, ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి, పైసలు పెట్టక్కర్లేదు.

నెల జీతం వచ్చేవాళ్ల పరిస్థితి మేలని అనుకుంటారేమో. బట్టల షాపులో పొద్దంతా నిలబడే అమ్మాయి జ్వరమని చెబితే ఆ రోజు జీతం కట్. హైదరాబాద్‌లో లాప్‌టాప్ ముందు కూర్చునే అమ్మాయి ఇంటి నుంచే పని కదా అని జ్వరంతోనే మీటింగుకు కూర్చుంటుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలైతే సరేసరి. అంత డబ్బున్న దేశంలో 1993లో వచ్చిన కేంద్ర చట్టం పెద్ద సంస్థల్లో పనిచేసేవాళ్లకు ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. మన కార్మిక చట్టాల మీద మనకు చిన్నచూపు ఉంది, వాళ్లను చూస్తే కాస్త తగ్గుతుంది.

ఆ చట్టాల గురించి రెండు మాటలు, ఎందుకంటే ఉన్నదాన్ని కూడా అడగడం లేదు. పది మంది పనిచేసే చోట, నెలకు 21 వేల లోపు జీతం ఉంటే ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉండాలి. జబ్బు చేసి పనికి పోలేకపోతే సగటు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. దానికి ఆరు నెలల్లో 78 రోజుల చందా కట్టి ఉండాలి. గర్భం పోతే ఆరు వారాలు, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటే రెండు వారాలు జీతంతో సెలవు అని ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చేతులెత్తండి అంటే ఇక్కడ ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. రెండు వారాల సెలవు తీసుకున్నవాళ్లు ఎత్తండి అంటే? మగవాళ్ల ఆపరేషన్ చిన్నది, తొందరగా తేరుకుంటారు. ఇంట్లో ఇద్దరిలో ఒకరు చేయించుకోవాలంటే, పండుకునే తీరిక లేని మనిషినే ఎందుకు పంపుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీ సంగతికొస్తే, 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చేసే ఆమెను కూడా కార్మికురాలనే అంది. పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు జీతంతో సెలవు అని రాసింది. ఇప్పుడు ఆ చట్టాలు లేబర్ కోడ్‌లలో కలిశాయి. ఆ సెలవు రోజులు ఇన్నేళ్లు ఎవరి ఖాతాలో పడ్డాయో, ఇక ముందు ఎవరిస్తారో వేదిక మీదున్న యూనియన్ నాయకులు చెప్పాలి. నేను డాక్టర్‌ను, అడగడమే నా వంతు.

గుండె సంగతి మర్చిపోకముందే చెబుతాను. గుండెపోటు అంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమని సినిమాల్లో చూశాం. ఆడవాళ్లకూ ఛాతీ నొప్పి వస్తుంది. కానీ చాలామందికి దానితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడ లాగడం, వీపులో నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, కారణం లేని ఆయాసం, చెమటలు పడతాయి. వాటిని గ్యాస్ అని వాము నీళ్లు తాగి, వంట ముగించి, అందరికీ పెట్టి, అప్పుడు వస్తారు. గుండె కండరానికి ప్రతి గంటా లెక్కే. కూర మాడితే మాడనివ్వండి, 108కి ఫోన్ చేయండి.

ఇక అన్నలూ, మీ వంతు. 2024లో దేశమంతా చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లలో అసలు ఇంటి పని ముట్టుకునేవాళ్లే తక్కువ, ముట్టుకున్నవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. భార్యకు జ్వరం వస్తే చాలామంది అన్నలు బాగానే చూసుకుంటారు, బండి మీద ఆస్పత్రికి తెస్తారు, మందులు కొంటారు, టీ తాగిస్తారు. నేను కాదనను. ఇంటికి పోయాక ఆమె గిన్నెలు తోముకుంటుంది. ప్రేమ లేక కాదు, గిన్నెలు అనే వస్తువు మన కంటికి ఆనదు. నాన్న వండిన అన్నం కాస్త పలుకైనా పిల్లలు తింటారు.

సంఘానికి ఒక్కటి అడుగుతాను. నాట్లప్పుడు, కలుపులప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పోతారు కదా. ఇవాళ నేను నీకు, రేపు నువ్వు నాకు. రోగానికీ ఆ బదులు పెట్టుకోండి. ప్రతి వాడకట్టులో ఐదారుగురు ఒక జట్టు. ఒకరు పడుకుంటే ఒకరు ఆకు చూసుకోవాలి, ఒకరు పిల్లలకు అన్నం పెట్టాలి, ఒకరు ఆస్పత్రికి తోడు రావాలి. ఆ నెల కిస్తీ పొదుపు నుంచి కట్టేలా తీర్మానం రాయండి. అప్పుడు మూడు రోజులు పడుకోవడానికి ఎవరినీ బతిమాలే పని ఉండదు, "ఏమనుకోకు" అనే పని ఉండదు. మా వైపు నుంచి నేను చేయగలిగింది ఒకటి ఉంది. రక్త పరీక్ష రిపోర్టు అదే రోజు ఇచ్చేటట్టు ల్యాబు వాళ్లతో మాట్లాడాను. పదకొండు లోపు వస్తే రెండింటికి ఇస్తామన్నారు. ఇవ్వకపోతే నా గదికి రండి.

ఇప్పుడు బయట వేపచెట్టు కింద బల్ల వేసి ఏఎన్‌ఎమ్‌లు కూర్చున్నారు. వేలికి చిన్న సూది గుచ్చి రక్తం ఎంతుందో అక్కడే చెబుతారు. పది కంటే తక్కువ వచ్చిన వాళ్లు చీటీ పట్టుకుని నా దగ్గరికి రండి, తర్వాత చూద్దాంలే అని బస్సు ఎక్కవద్దు. భోజనాలు తయారయ్యాయట. ఇవాళ వడ్డించేది మగవాళ్లని అధ్యక్షురాలు చెబుతున్నారు, కాబట్టి వంటల దగ్గరికి ఎవరూ లేవకండి. లైను కట్టేది ఆ బల్ల దగ్గర.