రాష్ట్రపతి సంతకం, సరిహద్దుల యుద్ధం: సూర్యాపేట లైబ్రరీల మాట్లాడింది

పెద్దలకు నమస్కారం, గ్రూప్స్ కు చదువుకుంటున్న తమ్ముళ్లకు చెల్లెళ్లకు కూడా. రాష్ట్రపతులు, వాళ్ల కాలంల వచ్చిన యుద్ధాలు, దీని మీద మాట్లాడమన్నరు. పేర్లు, సంవత్సరాలు మీరు ఎట్లాగూ బట్టీ పడ్తరు, పరీక్షకు అది కావాలె కూడా, కానీ ఇయ్యాల నేను ఒక్క ప్రశ్న పట్టుకొని మాట్లాడ్త. యుద్ధం వచ్చిన రాత్రి ఆ కుర్చీల కూసున్న మనిషి చేతుల ఏముంటది?

మొదలు మన ఊరి సంగతే చూద్దాం. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైతే బెజవాడ దిక్కు నుంచి వచ్చిన మిలిట్రీ కోదాడ మీదికెళ్లి సూర్యాపేటకు వచ్చింది, వెనక్కి పోతున్న నిజాం ఫౌజు మూసీ మీది బ్రిడ్జిని పేల్చేసి పోయింది, వచ్చినోళ్లు దాన్ని జల్ది బాగు చేసుకొని ముందుకు నడిచిన్రు, 17 నాటికి అంతా అయిపోయింది. అప్పటికి ఇండియాకు రాష్ట్రపతి అనేటాయనే లేడు. గవర్నర్ జనరల్ గా రాజాజీ ఉండె, రాజ్యాంగం ఇంకా రాస్తనే ఉండిరి. మన దగ్గర సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది కదా, అంటే 1950 జనవరి 26న ఢిల్లీల బాబు రాజేంద్రప్రసాద్ ప్రమాణం చేస్తున్ననాడు నల్లగొండ పల్లెల్ల ఇంకా మిలిట్రీ తిరుగుతనే ఉన్నది. ఈ రెండు ముచ్చట్లు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ మనసంతా అదోలా అయితది.

ఆర్టికల్ 53 ప్రకారం త్రివిధ దళాలకు సుప్రీం కమాండర్ రాష్ట్రపతి. అయితే ఆ అధికారం చట్టం ప్రకారమే వాడాలె అని అదే ఆర్టికల్ల ఉన్నది, మంత్రిమండలి సలహా మీదనే నడవాలె. దండు ఆయనదే, దండయాత్ర మాత్రం కేబినెట్ చెప్పాలె.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 1962, 1965, 1971, ఈ మూడు పెద్ద యుద్ధాలప్పుడు రాష్ట్రపతి భవన్ల ఉన్నది మన తెలుగోళ్లే. రాధాకృష్ణన్ గారిది తిరుత్తణి దిక్కు తెలుగు కుటుంబం, గిరి గారు బరంపురంల పుట్టిన తెలుగాయన. రాధాకృష్ణన్ గారు 1962 మే 13న కుర్చీ ఎక్కిన్రు, అయిదు నెలలు దాటంగనే అక్టోబర్ 20న చైనా మీద పడ్డది, 26న ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టిన్రు, దేశంల అదే మొదటిది. నవంబర్ 21న చైనా తనకు తానే కాల్పులు ఆపింది గని ఎమర్జెన్సీ మాత్రం 1968 జనవరి 10 దాకా ఎత్తలే, అంటే ఆయన దిగిపోయినంక కూడా నడిచింది, 1965ల పాకిస్తాన్ తోటి యుద్ధం వచ్చినప్పుడు మళ్ల కొత్త ప్రకటన అవసరమే పడలే. ఆ నడుమనే 1964ల నెహ్రూ పోయిన్రు, 1966 జనవరిల తాష్కెంట్ల శాస్త్రి గారు పోయిన్రు. రెండు యుద్ధాలు, ఇద్దరు ప్రధానుల చావు, అన్నీ ఒక్క మనిషి అయిదేండ్లల్ల. పైగా ఆయన ఊకె సంతకం పెట్టి కూసోలే, చైనా యుద్ధంల మన సర్కారు ఏమరుపాటును, గుడ్డి నమ్మకాన్ని ఆయనే బయటికి అన్నరు. ఫిలాసఫీ ప్రొఫెసర్ అని మనం టీచర్స్ డే కు దండ వేసి వదిలేస్తం, ఆ ధైర్యం గురించి పిల్లలకు చెప్పం, అది నాకు నచ్చదు.

1971 డిసెంబర్ 3 రాత్రి గిరి గారు రెండో ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టిన్రు. నేను అప్పుడు చిన్నపిల్లగాన్ని, మా వాడల రేడియో ఉన్నది ఒక్క ఇంట్లనే, 16న ఢాకాల పాకిస్తాన్ లొంగిపోయింది అని వార్తలు వస్తే ఆ ఇంటి అరుగు మీద నిలబడ జాగ లేకుండె. 93 వేల మంది ఖైదీలు దొరికిన్రు. కానీ ఆ 1971 ఎమర్జెన్సీ ఇంకా ఉండంగనే 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు ఇంకోటి సంతకం పెట్టిన్రు, ఈసారి యుద్ధం లేదు, కేబినెట్ కు తెలిసింది తెల్లారినంక. అందుకే 1978ల 44వ సవరణ తెచ్చి, కేబినెట్ రాతపూర్వకంగా అడిగితేనే పెట్టాలె అని రాసిన్రు.

కార్గిల్ అప్పుడు, 1999ల, ఎమర్జెన్సీ పెట్టనే లేదు. ఒక్క ఓటుతో పడిపోయిన వాజ్‌పేయి గారి ఆపద్ధర్మ ప్రభుత్వం ఉన్నది, లోక్‌సభ లేదు, అప్పటి రాష్ట్రపతి నారాయణన్ గారు మూడు దళాల అధిపతుల దగ్గర నేరుగా సంగతులు తెలుసుకున్నరు.

అమెరికా లెక్క వేరే. అక్కడ ప్రెసిడెంటే ఆర్డర్ ఇస్తడు. 1861 ఏప్రిల్ల అంతర్యుద్ధం మొదలైతే కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, కూసోకముందే లింకన్ 75 వేల మంది వాలంటీర్లను పిలిచిండు. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ చచ్చిపోతే, ఆటంబాంబు సంగతి సరిగ్గ తెలువని ట్రూమన్ కుర్చీ ఎక్కిండు, నాలుగు నెలలల్ల హిరోషిమా. అక్కడి పార్లమెంటు కాగితం మీద యుద్ధం ప్రకటించింది చివరిసారి 1942ల, వియత్నాంల 58 వేలకు పైగ వాళ్ల సైనికులు సచ్చింది ప్రకటన లేని యుద్ధంలనే.

ఇగ మన కల్నల్ సంతోష్ బాబు. 2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దుల గల్వాన్ల 20 మంది మన సైనికులు పోయిన్రు, అందుల మన సూర్యాపేట బిడ్డ 16 బీహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, 37 ఏండ్లు. అప్పుడు యుద్ధం ప్రకటించలే, ఎమర్జెన్సీ లేదు, రాష్ట్రపతి సంతకం అవసరం పడలే. 2021 నవంబర్ల రాష్ట్రపతి భవన్ల కోవింద్ గారు మహావీర్ చక్రను ఆయన తల్లికి, భార్యకు ఇచ్చిన్రు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసిన్నో. సుప్రీం కమాండర్ అనే మాట నాకు ఆర్టికల్ 53 చదివితే అర్థం కాలే, ఆ తల్లి ముందట ఆయన నిలబడ్డప్పుడు అర్థమైంది.

ప్రశ్నలు ఉంటే అడుగుండ్రి. 44వ సవరణ మీద ముందు అడుగుండ్రి, అది బాగ చెప్పుకోవాలె.