రోరీ ఒప్పుకునేవాడా?

శ్రోతలకు నమస్కారం.

1977 చివర్లో రోరీ గాలహర్ అనే ఐరిష్ గిటారిస్టు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. పాటలు పూర్తయ్యాయి. మిక్సింగ్, అంటే వాద్యాలనీ గొంతునీ కలిపిన తీరు, మాత్రం అతనికి నచ్చలేదు. ఎంతగా నచ్చలేదంటే, నమూనా డిస్కు తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాడు. మరుసటి ఏడాది డ్రమ్మర్ని మార్చి, కీబోర్డు వద్దనుకుని, జర్మనీ వెళ్లి ఆ పాటల్లో కొన్నిటిని మళ్లీ మొదటినుంచి వాయించాడు.

ఈ కథ ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ మనం మాట్లాడుకునేది అదే రోరీ తొలి సోలో ఆల్బమ్ గురించి. 1971లో వచ్చిన ఆ ఆల్బమ్‌ని యాభయ్యేళ్ల సందర్భంగా 2021లో కొత్తగా మిక్స్ చేసి విడుదల చేశారు. అప్పటికి రోరీ పోయి 26 ఏళ్లు.

అన్నట్టు, అతని ఇంటిపేరు మధ్యలో ‘జి’ అక్షరం ఉంటుంది. ఐర్లండ్ వాళ్లు దాన్ని మింగేస్తారు. అందుకే నేను గాలహర్ అంటున్నాను.

1948లో డానిగాల్ ప్రాంతంలోని బాలీషానన్‌లో పుట్టాడు, కార్క్ నగరంలో పెరిగాడు. అక్కడి పిల్లాడికి అమెరికా నల్లవాళ్ల బ్లూస్ సంగీతం ఎలా తెలిసిందంటారా? రేడియో! యూరప్‌లో ఉన్న అమెరికన్ సైనికుల కోసం నడిచే స్టేషన్ ఒకటి ఉండేది. దానికోసం ముల్లు తిప్పుకుంటూ బ్లూస్ గాయకుడు మడీ వాటర్స్ పాటలు విన్నాడు. రాత్రిపూట గరగర శబ్దాల మధ్య రేడియో సిలోన్‌ని వెతికి పట్టుకున్న పాతతరం శ్రోతలకి ఆ పిల్లాడి అవస్థ నేను వేరే వర్ణించక్కర్లేదు.

పదిహేనేళ్ల వయసులో, 1963లో, కార్క్‌లోని ఒక సంగీత పరికరాల షాపులో సెకండ్‌హ్యాండ్ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ చూశాడు. ధర దాదాపు వంద పౌండ్లు. ఆ రోజుల్లో చాలా పెద్ద మొత్తం. అప్పుమీద కొన్నాడు. తల్లి కంగారు పడితే, ఈ ఒక్క గిటార్‌తో ఇద్దరు గిటారిస్టుల పని చేస్తాను, కాబట్టి ఖర్చు కలిసొస్తుందని సర్దిచెప్పాడట. తల్లిని ఒప్పించడానికి ఏ ఊరి కుర్రాడికైనా లెక్కలు బాగానే వస్తాయి! జీవితమంతా దాన్నే వాయించాడు. చెమటకి రంగు ఊడిపోయి చెక్క బయటపడింది. అయినా మళ్లీ రంగు వేయించలేదు. 2024లో అది లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు కొన్నవాళ్లు ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ ఊడిన రంగుతోనే.

1966లో కార్క్‌లో ‘టేస్ట్’ అనే బృందం పెట్టాడు. మంచి పేరొచ్చాక, 1970 చివర్లో అది విడిపోయింది. వెంటనే బెల్‌ఫాస్ట్ కుర్రాళ్లు ఇద్దరిని, బేస్‌కి జెర్రీ మెకావోయ్‌ని, డ్రమ్స్‌కి విల్గర్ క్యాంప్‌బెల్‌ని తీసుకుని లండన్‌లోని అడ్విజన్ స్టూడియోలో కూర్చున్నాడు. ప్రొడ్యూసర్ కూడా తనే. గిటార్ సరే, మౌత్ ఆర్గాన్, మాండొలిన్, చివరి పాటలో శాక్సఫోన్ కూడా తనే వాయించాడు. రెండు పాటల్లో పియానోకి మాత్రం విన్సెంట్ క్రేన్ వచ్చాడు. ముగ్గురే వాయించే పాటల్లో మధ్యమధ్య ఖాళీలుంటాయి. ఆ ఖాళీలను వేరే వాద్యాలతో పూడ్చాలన్న ఆరాటం ఎక్కడా కనిపించదు. నాకు ఈ ఆల్బమ్ నచ్చడానికి సగం కారణం అదే.

ఇక రీమాస్టర్, రీమిక్స్ అనే మాటల దగ్గరికి వద్దాం. ఈ రెండూ ఒకటే అనుకుంటాం, కాదు. స్టూడియోలో డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు వెడల్పాటి టేపు మీద వేర్వేరు ట్రాకుల్లో నమోదవుతాయి. వాటిలో ఏది ఎంత వినబడాలి, ఏది ఎడమచెవికి, ఏది కుడిచెవికి అని తేల్చి, కలిపి రెండు ట్రాకులకు దించడం మిక్సింగ్. అలా దించినదాన్ని డిస్కుకి తగ్గట్టు, పాటకీ పాటకీ ధ్వనిలో తేడా లేకుండా సవరించడం మాస్టరింగ్. రీమాస్టర్ చేసేవాళ్లు ఈ రెండో పనే మళ్లీ చేస్తారు. రీమిక్స్ చేసేవాళ్లు మొదటి మూట ముడి విప్పుతారు. సీడీలొచ్చాక జరిగిన రీమాస్టర్లలో చాలావాటికి ఒక జబ్బు పట్టుకుంది: శబ్దం పెంచడం. అన్నీ గట్టిగా వినిపిస్తే ఏదీ గట్టిగా వినిపించదు. నెమ్మదిగా మొదలై ఉరిమే పాట మొదటినుంచీ ఉరుముతూనే ఉంటుంది.

2021లో చేసింది రీమిక్స్, అంటే మూట విప్పడం. నాలుగు సీడీలు, ఒక డీవీడీ ఉన్న పెట్టె అది. అందులో కొత్త మిక్స్‌తో పాటు అప్పట్లో పక్కన పెట్టేసిన టేకులు (ఒక్కో పాటని ఒక్కోసారి వాయించి రికార్డు చేసినవి), పారిస్‌లో టీవీ కోసం చేసిన కచేరీ, రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమం కోసం బీబీసీ రేడియో రికార్డు చేసిన 1971 కచేరీ ఉన్నాయి. రేడియో విని నేర్చుకున్నవాడు రేడియోకి వాయించాడన్నమాట!

నన్నడిగితే ఈ పెట్టెకి పెట్టిన డబ్బు ఆ పక్కన పెట్టిన టేకులకే చెల్లు. పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చే సోలోని రోరీ ముందే రాసుకుని వాయించేవాడు కాదు. ఒకే పాట రెండుసార్లు వాయిస్తే గిటార్ రెండు వేర్వేరు దారుల్లో పోతుంది. ఏ దారి ఎందుకు వదిలేశాడో వింటూ ఊహించుకోవచ్చు. కొత్త మిక్స్ సంగతి వేరు. ఆ పని తెలిసినవాళ్లే చేశారు, కాదనను. కానీ చెత్తబుట్ట నా మనసులోంచి పోదు. మిక్స్ నచ్చక మొత్తం ఆల్బమ్‌నే వదులుకున్న మనిషి, 1971లో తన చేతులతో తేల్చినదాన్ని ఇంకొకరు మళ్లీ తేలుస్తానంటే ఏమనేవాడు?

ఆ శాన్‌ఫ్రాన్సిస్కో టేపులు కూడా ఎక్కడికీ పోలేదు. సొంత కుటుంబం వాళ్లయితే తటపటాయిస్తారేమో అనుకుంటాం గానీ, 2011లో వాటిని మిక్స్ చేసి బయటికి తెచ్చింది రోరీ తమ్ముడు డోనల్ కొడుకు డేనియలే. అది విని నేనూ సంతోషించాను. ఒప్పుకోవాలి కదా.

ఇప్పుడు తొలి ఆల్బమ్‌లోని చివరి పాట వినిపిస్తున్నాం. ఏడు నిమిషాల పాట, చివర్లో ఆ శాక్సఫోన్ వస్తుంది. రెండు మిక్సులూ మా దగ్గరున్నాయి. పాతదే పెట్టమన్నాను.